బక్కచిక్కిన గోడిగ, 390 రోజులు: గుర్రాల సంరక్షణ కేంద్రం నుంచి ఒక కేస్ స్టడీ

మా కేంద్రంలో గుర్రాలకు 12 గదులున్నాయి. వాటికి దూరంగా, గాలి వాటు చూసుకుని కట్టిన విడి పాకలో కొత్తగా వచ్చేవాటి కోసం మరో రెండు గదులున్నాయి. ఈ కేసు మొదలైన రోజున ఆ రెండూ ఒకేసారి నిండాయి. ఒకే యజమాని వదులుకున్న రెండు గుర్రాలు ఒకే వాహనంలో వచ్చాయి. ఒకటి పళ్లను బట్టి 11 ఏళ్లుంటాయని అంచనా వేసిన గోడిగ, అంటే ఆడగుర్రం, రెండోది 25 ఏళ్లు దాటిన, విత్తులు తీసిన ముసలి మగగుర్రం. ముసలిది 6 రోజులు బ్రతికింది. గోడిగ రెండు విడతల్లో కలిపి 390 రోజులు మా దగ్గర ఉంది. ఆ రోజుల్లో భారం ఎక్కడ పడింది, ఏ నిర్ణయం ఎంతకు తేలింది, నేను ఎక్కడ పొరబడ్డాను అన్నది ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఖర్చును డబ్బులో చెబితే అది ఆ ఊరికి, ఆ ఏడాదికే పనికొస్తుంది. అందుకని మేము లెక్కల పుస్తకంలో వాడుకునే కొలతనే ఇక్కడా వాడుతున్నాను. ఆరోగ్యంగా ఉన్న ఒక గుర్రాన్ని ఒక రోజు పోషించడానికి అయ్యే మొత్తాన్ని, అంటే దాని ఎండుగడ్డి, కింద పరుపు, ఒక గంట మనిషి పని, గిట్టల కోతలోనూ టీకాల్లోనూ ఆ రోజు వాటా, స్థలం ఖర్చు అన్నీ కలిపినదాన్ని, మేము ఒక ‘గుర్రపు రోజు’ అంటాం. స్వచ్ఛందంగా పనిచేసేవారి గంటలను కూడా ఇందులో కలుపుతాం. జీతం తీసుకోని మనిషి పనిని సున్నాగా రాసుకున్న కేంద్రానికి, ఆ మనిషి రాలేని వారం వచ్చినప్పుడు గానీ తన అసలు ఖర్చు తెలియదు.

చేరిక

యజమాని హక్కు వదులుకుంటూ సంతకం చేసిన కాగితం చేతికి వచ్చాకే మేము వాహనం కదిలించాం. అధికారులు స్వాధీనం చేసుకున్న గుర్రాల విషయంలో ఈ సౌలభ్యం ఉండదు. వివాదం తేలేదాకా అవి సాక్ష్యంగానే ఉంటాయి, వాటిని మరొకరికి అప్పగించడానికి వీలుండదు, మేత మాత్రం రోజూ వేయాలి. ఈ కేసులో ఆ భారం మాకు తప్పింది.

పెద్ద పశువుల తూకం మా దగ్గర లేదు. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు దాదాపుగా వస్తుంది. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టుకొలత 150, పొడవు 152 వచ్చాయి కాబట్టి గోడిగ బరువు 288 కిలోలని తేలింది. ఆ ఎముకల కట్టుకు 380 కిలోలకు తక్కువ ఉండకూడదు. శరీర స్థితిని 1983లో వచ్చిన హెన్నెకె పద్ధతిలో చూశాం. మెడ, మూపు, భుజం వెనుక భాగం, పక్కటెముకలు, నడుము, తోక మొదలు అనే ఆరు చోట్ల కొవ్వును చేత్తో తడిమి, 1 నుంచి 9 దాకా అంకె వేసే పద్ధతి అది. బొచ్చు పెరిగిన గుర్రాన్ని కంటితో చూస్తే మోసపోతాం, చేత్తో తడిమితేనే నిజం తెలుస్తుంది. గోడిగకు పడిన అంకె 1కీ 2కీ మధ్య. గుండె నిమిషానికి 52 సార్లు కొట్టుకుంటోంది. విశ్రాంతిలో ఉన్న పెద్ద గుర్రానికి అది 28 నుంచి 44 దాకా ఉండాలి. మూపు మీద పాత జీను పుండ్ల మచ్చలున్నాయి. ఆ మచ్చలను రాసుకున్నాను గానీ, అవి చెబుతున్న మాటను అప్పుడు వినలేదు.

చూడి ఉందేమోనని మూడో వారంలో స్కాన్ చేయించాం. గోడిగ దాదాపు 11 నెలలు మోస్తుంది. ఎముకలు తేలిన ఒంటిలో చూడి చాలాకాలం పైకి కనిపించదు, ఒక గుర్రం అనుకుని తెచ్చుకున్న కేంద్రం ఏడాది తిరిగేసరికి రెండింటిని పోషిస్తూ ఉంటుంది. ఈసారి చూడి లేదని తేలింది.

మొదటి పది రోజులు

ఆకలితో మాడిన గుర్రాన్ని చూసి దాణా బకెట్ ముందు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. గుర్రాన్ని చంపడానికి అది చాలు. చాలాకాలం తిండిలేని శరీరం తన కొవ్వునూ కండనూ కరిగించుకుంటూ నడుస్తుంది, లోపలి ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. పిండిపదార్థం ఒక్కసారిగా లోపలికి పోతే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలో మిగిలిన ఆ కాస్త లవణాలనూ అది కణాల్లోకి లాగేస్తుంది, దాంతో గుండె, ఊపిరితిత్తులు, కండరాలు చేతులెత్తేస్తాయి. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మేత మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో, అంటే గుర్రం తేరుకుంటోందని అందరూ ఊపిరి పీల్చుకున్న వేళకే, ఇది వస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లోని పశువైద్య పరిశోధకులు లూసర్న్ ఎండుగడ్డినీ ఇతర మేతలనూ పోల్చి చూసి, ఇలాంటి గుర్రాలకు లూసర్న్ మేలని చెప్పారు. అల్ఫాల్ఫా అని కూడా పిలిచే ఈ గడ్డిలో పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులు, ఫాస్ఫరస్, మెగ్నీషియం ఎక్కువ. వారు సూచించిన క్రమంలో మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి 450 గ్రాముల చొప్పున వేసి, ఆ తర్వాత మెల్లమెల్లగా పెంచుతారు. మా గోడిగ పరిమాణాన్ని బట్టి పశువైద్యురాలు దాన్ని 400 గ్రాములకు తగ్గించారు. రోజుకు ఆరు మేతలు, మొత్తం 2.4 కిలోలు. అర్ధరాత్రి మేతా, తెల్లవారుజామున 4 గంటల మేతా ఇద్దరు వంతులు వేసుకుని చూశారు. ఖాళీ గాడిని నాకుతూ, మనిషి అడుగు చప్పుడుకే సకిలించే గుర్రానికి గుప్పెడు గడ్డి వేసి వెనక్కి తిరిగి రావడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. మా కొత్త సహాయకురాలు రెండో రాత్రి ఏడ్చింది, కానీ ఒక్క పరక కూడా ఎక్కువ వేయలేదు. గోడిగ బ్రతికిందంటే మందుల కన్నా ఆ అమ్మాయి నిగ్రహమే ఎక్కువ కారణమని నేను నమ్ముతాను.

నాలుగో రోజు రక్తపరీక్షలో ఫాస్ఫరస్ పడిపోయింది. గోడిగ వణుకుతూ, తల వేలాడేసి నిలబడింది. రెండు రోజులు మేత పెంచకుండా ఆపి, నరం ద్వారా ఫాస్ఫేట్, దానితోపాటు థయమిన్ ఇచ్చారు. రోజుకు రెండుసార్లు రక్తం తీశారు. ఏడో రోజుకు అంకెలు కుదుటపడ్డాయి. రెండు గుర్రాలను తెచ్చిన వాహనం ఖర్చులో గోడిగ వాటా 6 గుర్రపు రోజులు. ఈ పది రోజుల వైద్యానికీ రాత్రి పనికీ 45 పట్టాయి.

ముసలి గుర్రం గురించి

ఐదో రోజున అది లేవలేకపోయింది. ముందు గిట్టలు వేడిగా ఉన్నాయి, నాడి బలంగా కొట్టుకుంటోంది. ఎక్స్‌రేలో గిట్ట లోపలి ఎముక రెండు కాళ్లలోనూ కిందికి తిరిగిపోయి కనిపించింది. గిట్ట లోపలి పొరలు వాచే లామినైటిస్ అనే జబ్బు ఆ దశకు చేరాక ప్రతి అడుగూ నరకమే. నెలల తరబడి గిట్టల చికిత్స చేస్తే నిలబడుతుందేమోనన్న చర్చ ఒక పూట జరిగింది. 25 ఏళ్లు దాటిన, కండ లేని, పడుకుంటే లేవలేని గుర్రానికి ఆ నెలలు ఎవరి కోసమన్న ప్రశ్నకు నా దగ్గర నిజాయితీ గల జవాబు లేకపోయింది. ఆరో రోజు ఉదయం నొప్పి లేకుండా పంపించాం. కంచెకు ఇవతల నిలబడిన గోడిగ అరగంటసేపు అటే చూసింది.

దాని ఎక్స్‌రే, ఆఖరి సూది, ఖననం కలిపి 38 గుర్రపు రోజులయ్యాయి. ఈ పద్దును చాలా కేంద్రాలు ముందుగా రాసుకోవు. దాదాపు 300 కిలోల దేహాన్ని మనుషులు మోయలేరు, యంత్రం కావాలి. ఆఖరి సూదిలో ఉండే పెంటోబార్బిటాల్ అనే మందు ఇచ్చిన దేహాన్ని తింటే రాబందులూ కుక్కలూ చనిపోవచ్చు. ఆ మందు మట్టిలో కూడా చాలాకాలం నిలుస్తుంది కాబట్టి భూగర్భజలానికి దూరంగా, తగినంత లోతున, చట్టం అనుమతించిన చోటే పూడ్చాలి. గుర్రాన్ని చేర్చుకున్న రోజే దాని చావుకయ్యే ఖర్చు కూడా పక్కన పెట్టుకోవాలనడం వినడానికి కటువుగానే ఉంటుంది. డబ్బు లేక ఆ నిర్ణయాన్ని వారం రోజులు వాయిదా వేయడం అంతకన్నా కటువు.

జ్వరం

కొత్త గుర్రాన్ని కనీసం 21 రోజులు విడిగా ఉంచి, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత చూస్తాం. 12వ రోజు సాయంత్రం థర్మామీటరు 39.6 డిగ్రీలు చూపింది. పెద్ద గుర్రానికి 38.5 దాటకూడదు. రెండు రోజులకు దవడ కింద గడ్డలు తేలాయి, 19వ రోజు ఒకటి పగిలి చీము కారింది. పీసీఆర్ పరీక్షలో స్ట్రెప్టోకాకస్ ఈక్వి అనే బ్యాక్టీరియా అని తేలింది. ఇది తెచ్చే వ్యాధిని స్ట్రాంగిల్స్ అంటారు. సోకిన 3 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది కాబట్టి, గోడిగ దీన్ని వచ్చిన చోటి నుంచో దారిలోనో తెచ్చుకుని ఉండాలి. జ్వరం వచ్చిన తర్వాత ఒకటి రెండు రోజుల దాకా గుర్రం క్రిములను వదలదు. రోజూ ఉష్ణోగ్రత చూసే అలవాటు మిగతా 12 గుర్రాలను కాపాడింది.

గడ్డకు వేడి కాపడం పెట్టడం, దాన్ని కడగడం, మింగగలిగేలా మేతను నానబెట్టడం వరకే వైద్యం. బరువైనదంతా చుట్టూ ఉన్న పని. ఆ పాకకు ఒకే మనిషి, ఆ మనిషి మరే గుర్రాన్నీ తాకకూడదు. బూట్లు, బట్టలు, బకెట్లు, పారలు అన్నీ విడి. నీటి తొట్టిని రోజూ కడిగి క్రిమిసంహారకం వేయాలి. లద్దెను విడిగా కుప్ప వేయాలి. రోజుకు గంట పట్టే పనికి మూడు గంటలు పట్టింది. వ్యాధి తగ్గినట్టు కనిపించాక కూడా, గొంతు వెనుక ఉండే గట్టరల్ పౌచెస్ అనే గాలి సంచుల్లో క్రిమి నెలల తరబడి దాగి, పైకి ఆరోగ్యంగా ఉన్న గుర్రం నుంచే ఇతర గుర్రాలకు అంటుతుంది. అందుకని జబ్బు తగ్గిన మూడు వారాలకు మొదలుపెట్టి, వారానికోసారి చొప్పున మూడు పరీక్షలూ, గొట్టంతో ఆ సంచులను చూడటమూ పూర్తయి, అన్నీ శుభ్రంగా తేలాకే పాక తలుపు తెరిచాం. వచ్చిన రోజు నుంచి లెక్కిస్తే 11 వారాలు.

రోజువారీ పోషణ కాక అదనంగా ఇది 120 గుర్రపు రోజులను మింగింది. పుస్తకంలో పడని ఖర్చు ఇంకొకటి ఉంది. ఆ 11 వారాలూ మేము కొత్త గుర్రాన్ని దేన్నీ తీసుకోలేదు. ఐదు గుర్రాల కోసం ఫోన్లు వచ్చాయి, ఐదింటికీ లేదనే చెప్పాను. వాటిలో రెండింటి గతి తర్వాత తెలిసింది, మూడింటిది తెలియలేదు. ఒక ఫోనులో అవతలి వ్యక్తి, “మీరు గుర్రాలను రక్షించేవారే కదా?” అని అడిగారు. అవును, లోపల ఉన్న 12 గుర్రాలను రక్షించడానికే లేదంటున్నానని చెప్పాను. ఆ మాట సరైనదే. చెప్పిన రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మా రంగంలో కేంద్రాలు కూలిపోయేది ఎక్కువగా ఈ మాట చెప్పలేకే. ఒక్కటే కదా అనుకుంటూ చేర్చుకుంటూ పోయిన చోట, గడ్డి తరిగి, గిట్టలు పెరిగి, చివరికి ఆ గుర్రాలను రక్షించడానికి మరొక కేంద్రం వాహనం పంపాల్సి వస్తుంది.

తేరుకోవడం

ఈ దశ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లద్దె పరీక్షలో నులిపురుగుల గుడ్లు విపరీతంగా కనిపించాయి. జ్వరం తగ్గాక ఫెన్‌బెండజోల్ వాడాం. ఒంట్లో కొవ్వు లేని గుర్రాల్లో మాక్సిడెక్టిన్ మోతాదు ప్రమాదకరమయ్యే అవకాశం ఉన్నందున దాని జోలికి పోలేదు. 12వ వారంలో పళ్ల మొనలు అరగదీశారు. గుర్రం పన్ను జీవితమంతా పైకి వస్తూనే ఉంటుంది, అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా మారి బుగ్గలను కోస్తాయి. గిట్టలను ఆరు వారాలకోసారి కోయించాం. పగిలిన గిట్ట గోడ పూర్తిగా కొత్తదై కిందికి దిగడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది కాబట్టి ఇందులో తొందర అన్నది ఉండదు. పళ్లకూ గిట్టలకూ మామూలు కన్నా అదనంగా 15 గుర్రపు రోజులు పట్టాయి. ఏడో నెలలో చుట్టుకొలత 172కు, పొడవు 154కు చేరాయి, అంటే 383 కిలోలు.

విరాళాల తీరు మాత్రం నాకు ఒక పాఠమైంది. గోడిగ పేరున వచ్చిన సాయంలో ఎక్కువ భాగం, పక్కటెముకలు లెక్కపెట్టగలిగే ఫొటో చూసి, మొదటి ఐదు వారాల్లో వచ్చింది. ఐదో నెలలో దాని ఒళ్లు మెరిసింది, జూలు ఒత్తుగా వచ్చింది. ఆ ఫొటో పెట్టినప్పుడు అందరూ సంతోషించారు, ఎవరూ డబ్బు పంపలేదు. వారి తప్పు లేదు. బాగున్న గుర్రానికి సాయమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ బాగున్న గుర్రమే రోజుకు 8 కిలోల గడ్డి తింటుంది, 30 లీటర్ల నీళ్లు తాగుతుంది, 20 కిలోల లద్దె వేస్తుంది. దాని మీద పెట్టిన ఖర్చులో ఎక్కువ భాగం అది బాగున్న రోజులదే.

నా పొరపాటు

ఆకలితో ఉన్న గుర్రం సాధువుగా కనిపిస్తుంది. అది స్వభావం కాదు, ఓపిక లేకపోవడం. నాలుగో నెల నుంచి గోడిగ కడుపు కింద పట్టీ తగిలితే చెవులు వెనక్కి వేసి పళ్లు చూపడం మొదలుపెట్టింది. కొత్త బలం వచ్చిందనీ, కాస్త శిక్షణ ఇస్తే పోతుందనీ అనుకున్నాను. వీపు ఎక్స్‌రే తీయిద్దామని పశువైద్యురాలు ఒకసారి అన్నారు. దాని ఖర్చు 12 గుర్రపు రోజులు, అప్పటికే ఈ గోడిగ మీద ఎంతో పెట్టామన్న లెక్కతో వద్దన్నాను. ఒక్కొక్కటి 20 నిమిషాల చొప్పున ఆరుసార్లు స్వారీ చేయించి, కుదురుగానే ఉందని రాసి, ఎనిమిదో నెల చివర అనుభవమున్న ఒక కుటుంబానికి అప్పగించాను. ఆ ఇల్లు మంచిది, వారు చేసిన తప్పేమీ లేదు. క్రమం తప్పని స్వారీ మొదలైన నాలుగో వారంలో గోడిగ ఎగిరి తన్నింది, స్వారీ చేస్తున్న వ్యక్తి మణికట్టు విరిగింది. ఏడో వారంలో గోడిగ తిరిగి మా దగ్గరకు వచ్చింది.

అప్పుడు తీయించిన ఎక్స్‌రేలో జీను కూర్చునే చోట మూడు వెన్నుపూసల మొనలు ఒకదానికొకటి ఆనుకుని రాసుకుంటున్నాయి. మూపు మీద మచ్చలు మొదటి రోజున చెప్పింది ఇదే. నొప్పి ఉన్న వీపు మీద మనిషిని కూర్చోబెట్టి, తన్నినందుకు గుర్రం స్వభావాన్ని అనుమానించాను. ఒక మనిషికి దెబ్బ తగలడానికి కూడా నా నిర్ణయమే కారణం, ఆ కుటుంబానికి ఆ మాట నేరుగా చెప్పాను. 12 గుర్రపు రోజులు మిగుల్చుకోబోయి మరో 150 రోజులు పోషించాం. ఎక్స్‌రే ఖర్చు ఎలాగూ తప్పలేదు, నొప్పి చికిత్సకు ఇంకో 8 కలిశాయి.

ఈ రెండో విడతలో జీను ఊసెత్తలేదు. పగ్గంతో నడక, మెల్లని వ్యాయామం, వీపును చేత్తో తాకనివ్వడం వరకే. స్వారీకి పనికిరాని 12 ఏళ్ల గుర్రాన్ని అడిగేవారు తక్కువ. అలాంటి గుర్రం ఇంకో 15 ఏళ్లు బ్రతకవచ్చు కాబట్టి, అడిగేవారికి ఆ సంగతి తెలిసి ఉండాలి. జోడు చనిపోయి ఒంటరిగా మిగిలిన గుర్రానికి తోడు కావాలన్న ఒక ఇల్లు ఐదో నెలలో దొరికింది. ముందు రెండుసార్లు వెళ్లి చూశాం, రెండు గుర్రాలనూ కంచెకు అటూ ఇటూ వారం రోజులు ఉంచి కలిపాం.

లెక్క

గోడిగ మా దగ్గర ఉన్నది 240, 150 కలిపి 390 రోజులు. ఆపైన వాహనం 6, మొదటి పది రోజులు 45, స్ట్రాంగిల్స్ 120, పళ్లు, గిట్టలు 15, వీపు 20. మొత్తం 596 గుర్రపు రోజులు. అందరూ ఫొటో తీసుకున్న ఆ వాహనం రోజు ఇందులో నూటికి ఒక వంతు. మనుషుల పని దాదాపు 540 గంటలు, మేత దాదాపు 3 టన్నులు.

ఈ కేసు తర్వాత మా చేరిక పద్ధతి మారింది. గుర్రాన్ని తెచ్చే ముందు దాని పేరున 365 గుర్రపు రోజులు, ఒక అంటువ్యాధి, ఒక మరణం పక్కన పెట్టగలమా అని చూస్తాం, లేకపోతే తీసుకోం. దీనివల్ల ఏడాదికి తీసుకునేవి తగ్గాయి. దీన్ని సమర్థించని సహచరులు మా కేంద్రంలోనే ఉన్నారు, వారి బాధ నాకు అర్థమవుతుంది. స్వారీకి ఇవ్వదలచిన ప్రతి గుర్రానికీ, బరువు నిండి కనీసం రెండు నెలలు గడిచాక, వీపు ఎక్స్‌రే తప్పనిసరి చేశాం. విరాళమిచ్చినవారికి మొదటి ఫొటోతో పాటే ఏడాది పొడవునా అయ్యే ఖర్చు పట్టిక కూడా పంపుతున్నాం. కొందరు నెలనెలా ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

గోడిగ ఇప్పుడు రెండో ఇంట్లో ఉంది. కిందటి తనిఖీలో చుట్టుకొలత 171 వచ్చింది, వీపు మీద చెయ్యి వేస్తే చెవులు కదలలేదు. ఏ కారణంతోనైనా దాన్ని ఉంచుకోలేకపోతే మరొకరికి అమ్మకుండా, ఇవ్వకుండా మాకే తిప్పి పంపాలని ఒప్పందంలో ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని నిలబెట్టుకోవడానికి 12 గదుల్లో ఒకదాన్ని మేము ఇప్పుడు ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతున్నాం.